మాస్టర్ నేర్పిన ఒకే ఒక్క క్రియ

ప్రింటింగ్ మిల్లు నుంచి కొత్త శాంపిల్ బేలు వచ్చిన రోజున మా ఆఫీసంతా ఒకటే వాసన. గంజి, రంగు, వేడి మీదున్న పాలిస్టరు, మూడూ కలిసి ముక్కు లోపల సన్నగా మండుతాయి. కట్లు కోసి మడత విప్పితే కొత్త గుడ్డ పటపటమంటుంది. నా పక్క బల్లల వాళ్ళు తుమ్ముకుంటూ కిటికీలు తెరుస్తారు. నాకు తుమ్ము రాదు, కోపం వస్తుంది. అదీ ఎదురుగా ఉన్నవాళ్ళ మీద కాదు, నాలుగేళ్ళ కిందట పోయిన ఒక ముసలాయన మీద. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదని మా అమ్మ అంటుంది. ఆమెకేం, ఎన్నైనా అంటుంది. ఆమె ఆయన దగ్గర పోర్చుగీసు నేర్చుకోలేదు.

ఆయన పేరు నర్సయ్య. సూరత్‌లో మేముండే లింబాయత్ పేటలోని తెలుగువాళ్ళందరికీ నర్సయ్య మాస్టర్. మరమగ్గాల లోకంలో మాస్టర్ అంటే బడిపంతులు కాదు. మగ్గం మొరాయిస్తే దాని చప్పుడు విని, ఎక్కడ బిగించాలో ఎక్కడ వదులు చేయాలో చెప్పగలిగిన మనిషి. సిరిసిల్లలో పుట్టి, మీసాలు రాకముందే సూరత్ వచ్చి పని నేర్చుకున్నాడు. ముప్పై ఏళ్ళప్పుడు ఇక్కడి నుంచి ఆఫ్రికాలోని మొజాంబిక్ వెళ్ళి, నాంపులా అనే ఊళ్ళో ఒక బట్టల మిల్లులో పద్దెనిమిదేళ్ళు పనిచేశాడు. ఆ దేశాన్ని ఒకప్పుడు పోర్చుగీసువాళ్ళు ఏలారు కాబట్టి అక్కడ ఆఫీసులో, బజారులో అంతా వాళ్ళ భాషే. మిల్లు మూతపడ్డాక ఆయన తిరిగొచ్చి మా గల్లీలోనే ఒంటరిగా ఉండిపోయాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు, మగ్గాల చప్పుడులో ఎవరేం అడిగారో వినపడలేదని చెప్పేవాడు. ఆ దేశం నుంచి ఆయన తెచ్చుకున్నవి రెండే: అట్టలు ఊడిన లావుపాటి పోర్చుగీసు నిఘంటువు ఒకటి, పన్నెండు గజాల రంగుల గుడ్డ తాను ఒకటి.

నేను బి.కాం. పూర్తిచేసి రింగ్ రోడ్డులోని ఒక ఎగుమతి ఆఫీసులో చేరింది రెండు వేల ఇరవై మొదట్లో. మా శేఠ్ మొజాంబిక్‌కు కపులానాలు పంపుతాడు. అక్కడి ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే, బిడ్డను వీపుకు కట్టుకునే రెండు గజాల ప్రింటు గుడ్డను కపులానా అంటారు. ఆ దేశపు దుకాణదారులతో ఇంగ్లీషులో మాట్లాడీ మాట్లాడీ శేఠ్ విసిగిపోయి ఉన్నాడు. ఆర్నెల్లలో పోర్చుగీసు నేర్చుకుంటే ఉద్యోగం ఖాయం చేస్తానన్నాడు, లేకపోతే లేదు. లింబాయత్ మొత్తంలో ఆ భాష వచ్చిన మనిషి ఒక్కడే. నోటుబుక్కు పట్టుకుని ఆయన గుమ్మం ముందు నిలబడ్డాను.

"యాభై వాక్యాలు రాసియ్యున్రి మాస్టర్. సరుకు పంపినం, కాగితాలు అందినయా, గిసొంటివి. నేను బట్టీ పెట్టుకుంట," అన్నాను.

"వాక్యాలు నా తాన లెవ్వు. ఒక క్రియ ఉన్నది. తీస్కుంటే తీస్కో, లేకుంటే ఇంటికి పో."

ఇంటికి పోయి ఉంటే ఎంత బాగుండేదో. కానీ పోలేదు, కూర్చున్నాను. ఆయన నిఘంటువు తెరిచి, అక్షరం మీద వేలు పెట్టి, షెగార్ అని చదివాడు. చేరుకోవడం అని అర్థమట. నేను రాసుకున్నాను. ఇక రెండో మాటకు వెళతాడనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"దీని తల్లి లాటిన్ల ఉన్నది. ప్లికారె. అంటే ఏందో ఎరుకనా?"

"నాకెట్ల ఎరుకైతది మాస్టర్?"

"మడుచుడు. గుడ్డ మడుచుడు."

"మడిచేటిది చేరేటిది ఎట్లయితది?"

"గదీ అడుగు. ఓడ రేవుకొచ్చినంక ఓడోల్లు మొదలేం జేస్తరు? తెరచాప మడుస్తరు. చాప మడిచిన్రంటే చేరిన్రన్నట్టు. అనంగా అనంగా మడుచుడే చేరుడైంది." ఇది చెబుతుంటే ఆయన ముఖం పెళ్ళిపందిట్లో ఉన్నట్టు వెలిగిపోయింది. నాకు ఒక్క వాక్యమైనా రాలేదు. శేఠ్ నన్ను లాటిన్ అడగడు కదా!

కథతో ఆగి ఉంటే సహించేదాన్ని. ట్రంకుపెట్టెలోంచి ఆ పన్నెండు గజాల తాను తీసి నా ఒళ్ళో పడేశాడు. మడవమన్నాడు. నేను మడిచాను. మా అమ్మ ఇంట్లోనే చీరలు మడిచే పని చేస్తుంది. మార్కెట్ నుంచి కట్టలు కట్టలుగా వస్తాయి, సాయంత్రానికి మడిచి ఇవ్వాలి. అక్షరాలకన్నా ముందు నాకు మడత వచ్చు. అంచులు కలిపి సగానికి, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి, చకచకా మడిచి ఆయన ముందు పెట్టాను. ఆయన చూసి, కొసన పట్టుకుని మొత్తం లాగేశాడు.

"చీరె మడిచినట్టు సగం సగం చేస్తున్నవేంది? ఒక్కో నిడివికి ఒక్కో మడత పెట్టు. గీత కాడ మలుపు. మడత మీద అరచెయ్యి నిలువుగ వెట్టి కొట్టు. కొట్టుకుంట ఎవు షేగు అను. మల్ల మడత, తు షేగష్ అను."

గుడ్డ మీద రెండేసి గజాలకు ఒక సన్నటి అడ్డగీత అచ్చువేసి ఉండేది. నేను చేరుతాను, నువ్వు చేరుతావు, ఆయన చేరుతాడు. ఆరు నిడివులు, ఆరు మడతలు. పూర్తికాగానే ఆయన దాన్ని విప్పేవాడు. మళ్ళీ మొదటి నుంచి, ఈసారి గడిచిన కాలంలో. నిన్న చేరాను, నిన్న చేరావు. ఇలా ఒక రోజు కాదు, వారం కాదు. ఫిబ్రవరి అంతా అదే, మార్చి సగం దాకా అదే. ఆఫీసులో ఎనిమిది గంటలు కూర్చుని, షేర్ ఆటోలో నలుగురి మోకాళ్ళ మధ్య నలిగి వచ్చి, ఎవరికీ పనికిరాని గుడ్డను మడిచి విప్పి మడిచి విప్పి. పోనీ అమ్ముకునే గుడ్డయినా కాదు, ముసలాయన చాకిరీ చేయించుకుంటున్నాడని తిట్టుకుని తృప్తిపడడానికి. నా చేతులు మాత్రం ఎప్పుడు వదిలితే అప్పుడు సగానికే పోయేవి. "మల్ల చీరె!" అని ఆయన కేక. రెండో క్రియ ఎప్పుడు మాస్టర్ అంటే, మొదటిది నీ చేతికి వచ్చినంక అనేవాడు. నోటికి వస్తే చాలదా అని నేను. నోరుదేముంది, అది ఎవరికైనా వస్తుందని ఆయన. అమ్మ రోజూ ఆయనకు గిన్నెలో కూర పంపేది. ఆ గిన్నె ఎత్తి నేలకేసి కొట్టాలనిపించిన రోజులున్నాయి.

అంతలో లాక్‌డౌన్ వచ్చింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులో నిద్రపోయినదాన్ని, ఆ నిశ్శబ్దంలో మొదటి వారం నాకు అన్నం సహించలేదు. శేఠ్ ఆఫీసు మూసేశాడు గాని, తెరిచాక పోర్చుగీసు వచ్చి ఉండాలని ఫోనులో గుర్తుచేశాడు. పాఠం ఆగుతుందని నేను లోలోపల సంతోషించానేమో, మాస్టర్ ఆగనివ్వలేదు. ఆయన తన గడపలో, నేను ఎదురింటి మెట్టు మీద. మధ్యలో గల్లీ. తాను ఒక కొస ఆయన చేతిలో, మరో కొస నా చేతిలో. దూరం పాటించమన్నారు కదా, ఒక కపులానా నిడివి చాలునని ఆయన లెక్క. పోలీసు బండి వస్తే ఇద్దరం గుడ్డ వదిలేసి లోపలికి దూరేవాళ్ళం. అది గల్లీలో పడి మట్టికొట్టుకునేది. ఉతికి ఆరేసి మడిచే పని కూడా నాదే, క్రియతో సహా.

మే నెలలో మా గల్లీ ఖాళీ అవడం మొదలైంది. రైళ్ళు వేశారని తెలిసి ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతున్నారు. ఒడియావాళ్ళు, బీహారువాళ్ళు, మన కరీంనగర్ వైపువాళ్ళు. ఆ రోజు పొద్దున ఎదురింటివాళ్ళు బొంతలు చుట్టి మూటలు కట్టుకుంటున్నారు. వాళ్ళ చిన్నపిల్ల ఏడుస్తోంది. వాళ్ళ మెట్టు మీదనే నేను తాను కొస పట్టుకుని కూర్చుని ఉన్నాను. మాస్టర్ ఆ మూటలు చూసి హుషారుగా గొంతు సవరించుకున్నాడు.

"పోరీ, గమ్మత్తు చెప్త ఇను. మా మిల్లుల రొమేనియాకెల్లి ఒక ఇంజనీరు ఉంటుండె. గాళ్ళ భాషల గూడ గదే ప్లికారె ఉన్నది. గాళ్ళు దాన్ని ప్లెకా అంటరు. అర్థం ఏందో ఎరుకనా? యెల్లిపోవుడు! గాళ్ళు డేరాలేసుకున్న సిపాయీలు. డేరా మడిచిన్రంటే పోతున్నరన్నట్టు. ఓడోనికి మడిస్తే చేరుడు, సిపాయికి మడిస్తే పోవుడు. తల్లి ఒక్కతే!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "మంది మూటలు గట్టుకొని ఏడుసుకుంట పోతున్నరు మాస్టర్. మా బాపు రెండ్నెల్ల సంది ఇంట్ల కూసున్నడు. మీకు డేరాల ముచ్చట గావాల్నా? నాకు నౌకరి గావాలె. వాక్యాలు గావాలె. మూన్నెల్లు ఒక్క క్రియ పట్కొని సంపుతున్నరు!"

గుడ్డ కొస విసిరేసి వచ్చేశాను. ఇంట్లోకి వెళుతూ వెనక్కి చూస్తే, ఆయన ఒక్కడే కూర్చుని మొత్తం తానును తన వైపు లాక్కుంటున్నాడు. ఆ తర్వాత వెళ్ళలేదు. కూర గిన్నె మాత్రం అమ్మ చేత పంపించాను.

ఫోనులో ఒక యాప్ దించుకున్నాను. అది నాకు అడిగినన్ని వాక్యాలు ఇచ్చింది. పిల్లి పాలు తాగుతుంది. నా మేనమామ దగ్గర ఎర్ర గొడుగు ఉంది. ఇంటర్నెట్‌లో వెతికి వ్యాపారపు ఉత్తరాల వాక్యాలు కూడా పట్టాను. మీ గౌరవనీయమైన లేఖ అందినందుకు సంతోషిస్తున్నాము. అన్నీ బట్టీ కొట్టాను. గడగడా అప్పజెబుతుంటే మా బాపు మురిసిపోయాడు. జూన్‌లో ఆఫీసు తెరిచారు. ఉన్న కొద్దిమందితో జూలైలో ఒక కంటైనరు సరుకు నాంపులాకు పంపారు. రోజు విడిచి రోజు డ్యూటీ కాబట్టి ఆ సరుకు ఎవరు మడిచారో, ఎట్లా మడిచారో నేను చూడలేదు.

సెప్టెంబరులో రెండు విషయాలు ఒకే వారంలో జరిగాయి. బాపు పనిచేసే కార్ఖానా యజమాని మగ్గాలు తుక్కుకు అమ్మేశాడు. నాంపులాలో సరుకు అందుకున్న దోనా అమేలియా అనే దుకాణదారు, శుక్రవారం వీడియోలో మాట్లాడతానని, మాట్లాడాక ఇక మీతో వ్యాపారం ఉండదని కబురు పెట్టింది. ఆమె పోతే ఆఫ్రికా పని మూసేస్తానని శేఠ్ అన్నాడు. అంటే నా ఉద్యోగం కూడా పోయినట్టే. ఇంటికొచ్చి చెబితే బాపు లెక్క తేల్చేశాడు.

"శుక్రవారం నీ నౌకరి పక్కా అయితే ఉందాం బిడ్డా. లేకుంటే శనివారం బస్సుకు సిరిసిల్ల పోదాం. ఈడ ఇంకేం జేస్తం?"

అమ్మ గిన్నెలు గోనెసంచిలో సర్దింది. బాపు వెళ్ళి మాస్టర్‌ను కూడా అడిగాడు. మేమూ వెళ్ళిపోతే ఆ గల్లీలో ఆయనకు గిన్నెడు కూర ఇచ్చే దిక్కు లేదు. సిరిసిల్లలో మా పెద్దనాన్న ఇల్లు పెద్దది, మాతో రమ్మన్నాడు. నలభై ఏళ్ళుగా ఆ ఊరి ముఖం చూడని మనిషి, ఎందుకో వెంటనే ఒప్పుకున్నాడు. ట్రంకుపెట్టె సర్దుకుని తాడు కూడా కట్టాడట. ఆ సంగతి తెలిసినా నేను వెళ్ళి పలకరించలేదు. నా పంతం నాది.

శుక్రవారం మధ్యాహ్నం శేఠ్ గదిలో ముగ్గురం కూర్చున్నాం. మాస్కులతో శేఠ్, మేనేజరు, నేను. తెర మీద దోనా అమేలియా ప్రత్యక్షమైంది. బలమైన మనిషి, తలకు పసుపు గుడ్డ, కళ్ళల్లో నిప్పులు. ఆమె నోరు తెరిచేలోపే నేను లేచి నిలబడి, మీ గౌరవనీయమైన లేఖ అందినందుకు సంతోషిస్తున్నాము అన్నాను. ఆమె ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత మొదలుపెట్టింది. ఆ వేగానికి నా వాక్యాలన్నీ ఎక్కడివక్కడ చెల్లాచెదురయ్యాయి. పిల్లి లేదు, పాలు లేవు, మేనమామ గొడుగు అసలే లేదు. శేఠ్ నా మోచేయి పొడుస్తూ, ప్రింటు చెడిందంటోందా, రంగు పోయిందంటోందా అని గుజరాతీలో గుసగుసలాడుతున్నాడు. కళ్ళముందు శనివారం బస్సు కదులుతోంది.

అప్పుడామె ఒక గుడ్డముక్క ఎత్తి చూపించింది. మా డిజైనే, జీడిపళ్ళ గుత్తి ఉన్నది. రంగు బాగానే ఉంది, ప్రింటు బాగానే ఉంది. కానీ గుత్తి నడిమికి తెగిపోయి ఉంది. ఇంకో ముక్క ఎత్తింది, అందులోనూ సగం గుత్తే. ఆమె కత్తెర పట్టినట్టు రెండు వేళ్ళు ఆడించి, ఏదో అంచు మీద గీత గీసినట్టు చెయ్యి చూపించింది. ఆ చెయ్యి చూశాక నాకు ఆమె భాషతో పనిలేకపోయింది. గీత దగ్గర మలుపు, గీత దగ్గర మలుపు అని నా చెవిలో మూన్నెల్లు పోరిన గొంతు ఒకటుంది. తానులో ఆరు కపులానాలు, ఒక్కోటి రెండు గజాలు. నిడివికి ఒక మడత పెడితే మడత అంచు సరిగ్గా కోతగీత మీద పడుతుంది. అక్కడి దుకాణాల్లో కొలవరు, అంచు చూసుకుని కత్తెర వేసేస్తారు. మా దగ్గర ఎప్పుడూ ఆ పని చేసేవాళ్ళు మేలోనే ఊళ్ళకు పోయారు. జూలైలో వచ్చినవాళ్ళు చీరల మార్కెట్ చేతులు. పన్నెండు గజాలను సగానికి, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి మడిచి, ఒకటిన్నర గజం దగ్గర అంచు తెచ్చారు. సూరత్ చెయ్యి చేసే తప్పు అది. నా చెయ్యి కూడా సరిగ్గా అదే చేసేది.

ఇదంతా చెప్పడానికి నా దగ్గర మాటలు ఎక్కడున్నాయి? బల్ల మీదున్న శాంపిల్ తాను లాగి నేల మీద పరిచాను. మొదట చీర మడతలో మడిచి చూపించి, తల అడ్డంగా ఊపాను. విప్పేశాను. ఒక నిడివి, మలుపు, అరచెయ్యి నిలువుగా పెట్టి దెబ్బ. ఇంకో నిడివి, మలుపు, దెబ్బ. ఆరు మడతలయ్యాక అంచులు తెర ముందు పెట్టాను. ప్రతి అంచు మీదా కోతగీత.

"ఇస్సు!" అని అరిచింది అమేలియా. అదే అది అన్నమాట.

తర్వాత నాకు వచ్చిన ఒకే ఒక్క క్రియను ఉన్న కాలాలన్నిటిలోనూ వాడేశాను. షెగో మాల్. చెడుగా చేరింది. వాయ్ షెగార్ బైఁ. బాగా చేరుతుంది. చేరిన రోజు నేను ఫోన్ చేస్తాను అనడానికి కూడా చేరడం ఒక్కటే వచ్చు, మిగతాది చేత్తో చూపించాను. ఆమె పగలబడి నవ్వింది. ఆ యాస నాంపులా మిల్లువాళ్ళదని, తన తండ్రి అట్లాగే మాట్లాడేవాడని, ఎక్కడ పట్టావని అడిగింది. అడిగిందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం సంతోషిస్తున్నాము అన్నాను. వ్యాపారం నిలబడింది. శేఠ్ ఆ సాయంత్రమే నా ఉద్యోగం ఖాయమన్నాడు.

బాపుకు ఫోనులో చెప్పి, ఇంటికి కూడా వెళ్ళకుండా సరాసరి మాస్టర్ దగ్గరికి పోయాను. కాళ్ళ మీద పడాలో కొట్లాడాలో తెలియలేదు. కొట్లాడాను.

"గీత మీద మడత ఎందుకో ఒక్క మాట ముందుగాల చెప్తే మీ సొమ్మేం పోయేటిది మాస్టర్? ఇయ్యాల నా పానం పోయింది!"

"చెప్తే నోటుబుక్కుల రాస్కుంటుంటివి," అన్నాడు ఆయన. ట్రంకుపెట్టె తాడు ముడి విప్పుతూనే ఉన్నాడు. బాపు అప్పటికే చెప్పినట్టున్నాడు, ఎవరూ ఎక్కడికీ పోవడం లేదని. "రేపటి సంది మల్ల రా. ఇంక శానా ఉన్నది."

రెండో క్రియ అనుకుని వెళ్ళాను. అదే క్రియలో, చేరి ఉండగలిగి ఉంటే అనే కాలం మిగిలిపోయిందట! చలికాలమంతా దాంతోనే సరిపోయింది. ఇప్పుడు నాకు ఈ భాష మంచిగానే వచ్చు. దాన్ని వేరేవాళ్ళు నేర్పారు, కొంత అమేలియానే నేర్పింది. ఈమధ్య లిస్బన్‌లో చదువుకున్న ఒకావిడ ఇంకో సంగతి చెప్పింది. ప్లికారె నుంచి వచ్చిన మాట వాస్తవమేగాని, తెరచాపల కథను పండితులందరూ ఒప్పుకోరట. ఓడను ఒడ్డుకు ఆనించడమనే ఇంకో పాత మాట మీదుగా వచ్చి ఉండవచ్చట. చూశారా? మూడు నెలలు నా రక్తం తాగిన కథకు పక్కా ఆధారం కూడా లేదు. పోట్లాడదామంటే ఆయన లేడు.

కరోనా రెండో అల వచ్చినప్పుడు, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, ఆయనకు జ్వరం పట్టుకుంది. ఉత్త పడిశెం అన్నాడు. బాపు తిట్టి బలవంతంగా ఆసుపత్రిలో చేర్చాడు. లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. మూడో రోజున ఒక ఆయమ్మ దయతలచి ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది. మనసులో తొలుస్తున్నదే అనేశాను.

"గా శనివారం ఊరికి పోయినా బాగుండు మాస్టర్. సిరిసిల్లల ఇంత లేదంట."

ఊపిరి తీసుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. అంత ఊపిరీ నన్ను తిట్టడానికే దాచుకున్నట్టున్నాడు. "ఏ ఊరికే? చేరినోన్ని పట్కొని... మల్ల యాడికి పోదామంటవేంది?"

అంతలో ఆయమ్మ ఫోను తీసేసుకుంది. ఆయన అన్నమాట బాపుకు చెప్పాను. ఐదో రోజు పొద్దున బాపుకు కబురు వచ్చింది. దహనానికి ఒక్కరినే రానిచ్చారు. బాపే వెళ్ళాడు.

మరణం నమోదు చేయించడానికి వార్డు ఆఫీసు కిటికీ దగ్గర బాపూ నేనూ నిలబడ్డాం. మా వెనక పెద్ద వరస. లోపల కూర్చున్న గుమాస్తా తలెత్తకుండా ఒక్కో గడీ నింపుతూ, మూల్ వతన్ ఏది, అంటే సొంత ఊరు ఏది అని అడిగాడు. సూరత్‌లో ఇది అందరూ అందరినీ అడిగే ప్రశ్నే, ఇక్కడ ఎవరినడిగినా ఇంకో ఊరి పేరు చెబుతారు. బాపు అలవాటుగా సిరిసిల్ల అనబోయాడు. నేను సూరత్ అన్నాను.

"చనిపోయింది ఇక్కడ, అది రాశాను. వతన్ చెప్పండి," అన్నాడు గుమాస్తా హిందీలో.

"సూరత్."

"బెహెన్, పేరు చూస్తే తెలుస్తోంది కదా. వెనక ఎంతమంది ఉన్నారో చూడండి."

ఏడాది పైగా పేరుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది. ఆ కిటికీ చువ్వలు పట్టుకుని, యహీ వతన్ హై, యహీ లిఖో, ఇదే ఆయన ఊరు, ఇదే రాయి అని అరిచాను. బాపు నా భుజం మీద చెయ్యి వేశాడు, నన్ను వెనక్కి లాగుతాడనుకున్నాను. ఆయన కిటికీలోకి వంగి, తనకొచ్చిన హిందీలో, అమ్మాయి చెప్పినట్టే రాయండి సార్, ఆ మనిషి తన మాట తానే చెప్పి పోయాడు అన్నాడు. గుమాస్తా మా ఇద్దరి వైపు చూసి, రాశాడు.

ఇంతమందికి ఇంత చెప్పాను, మిగిలినది కూడా చెప్పేస్తాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ శుక్రవారం నేను ఓడిపోయి ఉంటే మర్నాడు ఆయన మాతో బస్సెక్కేవాడు. సిరిసిల్లలో మా పెద్దనాన్న అరుగు మీద కూర్చుని, ఆ ఊరి పిల్లలను ఇదే క్రియతో వేధిస్తూ, ఈపాటికి బతికే ఉండేవాడేమో. నేను గెలవడానికి కావలసింది ఆయనే నా చేతికి నేర్పాడు. ఆయన నేర్పిన చేత్తో నేను గెలిచాను. నేను గెలిచినందుకు ఆయన ఉండిపోయాడు. చేరినోన్ని అన్నాడు గనక నన్ను క్షమించినట్టే అనుకోవచ్చు. అది నన్ను ఊరుకోబెట్టడానికి అన్నాడా, నిజంగానే అన్నాడా? వివరం అడిగితే సూటిగా చెప్పే అలవాటు ఆ మనిషికి ఏనాడూ లేదు.